ర్యాంపు ఫొటోతో పాటు వాలు కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఫలానా బిల్డింగుకి వీల్‌చైర్ ర్యాంపు కట్టారు అని ఫొటోతో సహా వార్తలు వస్తుంటాయి, సంతోషమే, కానీ ఆ ర్యాంపు వాలు ఎంత అని ఒక్క వార్తలోనూ ఉండదండి. అసలు సంగతంతా అక్కడే ఉంది.

లెక్క పదో తరగతి వాళ్లకి కూడా తెలిసిందే, ఎంత ఎత్తు ఎక్కాం అన్నదాన్ని అడ్డంగా ఎంత దూరం పోయాం అన్నదానితో భాగిస్తే వాలు వస్తుంది. చాలా దేశాల రూల్స్‌లో ర్యాంపుకి వాలు 1:12 (ఒక వంతు ఎత్తుకి పన్నెండు వంతుల అడ్డం) కంటే ఎక్కువ ఉండకూడదంటారు. అంటే 15 సెంటీమీటర్ల మెట్లు మూడు ఉంటే ఎత్తు 45, దానికి 5.4 మీటర్ల పొడవు కావాలి. అంత జాగా ఎక్కడిది అని మెట్ల పక్కనే మీటరున్నరలో సిమెంటు పోసేస్తారు, అప్పుడు వాలు 45/150, అంటే 30 శాతం, దాని మీద చక్రాల కుర్చీ తోసుకుంటూ సొంతంగా ఎక్కడం మాట దేవుడెరుగు, దిగేటప్పుడు వెనక ఇద్దరు పట్టుకోవాలి.

ఇంకో గమ్మత్తు, శాతాన్ని డిగ్రీలు అనుకునేవాళ్లు చాలామంది. 100 శాతం వాలంటే నిట్టనిలువు గోడ కాదు, 45 డిగ్రీలు. 1:12 అంటే 8.33 శాతం, డిగ్రీల్లో 5 కూడా ఉండదు.

సరే, రూల్ ప్రకారమే కట్టారనుకుందాం. కింద ఒక చివర, పైన ఒక చివర టేపు పెట్టి చూసి 1:12 వచ్చింది, ఓకే అని సంతకం పెట్టేస్తే సరిపోదు. సరళరేఖ అయితే ఏ రెండు బిందువులు తీసుకున్నా వాలు ఒకటే రావాలి కదా, పోసిన కాంక్రీటు సరళరేఖే అని ఎవరు చెప్పారు? అదే 5.4 మీటర్లలో మొదటి సగం 30 సెంటీమీటర్లు, రెండో సగం 15 లేచిందనుకోండి, మొత్తం మీద 1:12 అనే వస్తుంది, కానీ మొదటి సగం 1:9. కుర్చీలో ఉన్న మనిషి ఎక్కేది సగటు మీద కాదు కదండీ. అందుకే రసమట్టం పెట్టి ముక్కలు ముక్కలుగా కొలవాలి. అది కూడా అడ్డం దూరం తీసుకోవాలి, ర్యాంపు మీద వాలుగా టేపు పరిస్తే పొడవు కాస్త ఎక్కువొచ్చి వాలు తక్కువ కనపడుతుంది (1:12 దగ్గర తేడా పెద్దగా ఉండదు లెండి, నిటారుగా ఉన్నవాటికే బాగా తేలుతుంది).

కాబట్టి మీ రిపోర్టర్లకి ఒక్క మాట చెప్పండి, ఈసారి ర్యాంపు ఫొటో వేసేటప్పుడు ఎత్తెంత, అడ్డం పొడవెంత అని రెండు అంకెలు కింద వేయమనండి, భాగహారం మేం చేసుకుంటాం.

ఇట్లు,
మీ పాఠకుడు