నీళ్లలో మందు కలిపే ముందు

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. పెరట్లో రెండు పెట్టలు నాలుగైదు రోజులుగా తుమ్ముతున్నాయనీ, ఒకదాని కంటి మూలలో నురగ కనబడుతున్నదనీ, తాగే నీళ్లలో ఏ యాంటీబయాటిక్ కలపమంటారనీ అడిగావు. మందు పేరు చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు కానీ, అంతకుముందు జబ్బు పేరు తేలాలి. తుమ్ము, గురక, ముక్కు కారడం, ముఖం వాయడం, నోరు తెరిచి ఊపిరి పీల్చడం: శ్వాసకోశానికి ఏ కారణం చేత బాధ కలిగినా కోడి చూపించే గుర్తులు కాస్త అటూ ఇటూగా ఇవే. ఆ కారణాల్లో వైరస్‌లున్నాయి, బాక్టీరియా ఉంది, బూజు ఉంది, పురుగులున్నాయి, విటమిన్ ఎ లోపం ఉంది, చివరికి గూట్లోని చెడుగాలి కూడా ఉంది. వీటిలో యాంటీబయాటిక్‌కు లొంగేది బాక్టీరియా ఒక్కటే.

ముందు ఈ పూటే చేయవలసిన పనులు చెబుతాను. ఆ రెండు పెట్టలనూ మందలోంచి వేరుచేసి, ఈదురుగాలి తగలని, పొడిగానూ వెచ్చగానూ ఉండే చోట పెట్టు. వాటి నీళ్ల గిన్నె, దాణా గిన్నె వేరుగా ఉండాలి. ప్రతి పూటా ఆరోగ్యంగా ఉన్న కోళ్ల పని పూర్తి చేసుకున్నాకనే జబ్బు కోళ్ల దగ్గరకు వెళ్లు. వచ్చాక చెప్పులు మార్చి, చేతులు సబ్బుతో కడుక్కో. కాచి చల్లార్చిన లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి, ఆ నీటిలో తడిపిన దూదితో కళ్లూ ముక్కు రంధ్రాలూ తుడువు. ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి వాడవద్దు. ముక్కు రంధ్రాల మీద చీమిడి ఎండి పొక్కు కట్టి ఉంటే పీకకుండా, నానబెట్టి తియ్యి. వాసన తెలియని కోడి మేత మీద ఆసక్తి చూపదని చాలామంది అనుకుంటారు గానీ, చాలాసార్లు అది కళ్లు మూసుకుపోయి గిన్నె కనబడకనే పస్తుంటుంది. దాణాను నీళ్లతో మెత్తగా కలిపి ముక్కు కిందికే తీసుకువెళ్లి పెట్టు.

పట్టుకునేటప్పుడు ఒక్క జాగ్రత్త. కోడికి మనలాగా ఛాతీనీ పొట్టనూ వేరుచేసే కండరపు పొర, ఉదరవితానం, లేదు. రొమ్ము ఎముక పైకీ కిందికీ కదిలితేనే దానికి గాలి ఆడుతుంది. ఛాతీని రెండు చేతులతో బిగించి పట్టుకుంటే, అసలే ఊపిరి అందని కోడి చేతిలోనే ప్రాణం విడుస్తుంది. ఊపిరితిత్తులకు అనుబంధంగా దానికి తొమ్మిది గాలి సంచులుంటాయి. అవి పొట్ట దాకా, కొన్ని ఎముకల లోపలి దాకా వ్యాపించి ఉంటాయి. ఆ సంచుల పలుచని పొరలకు రక్తప్రసరణ చాలా తక్కువ కాబట్టి అక్కడ చేరిన చీము గట్టిపడితే మందు అంత సులువుగా చేరదు. ముక్కులో ఉన్నప్పుడే జబ్బును కనిపెట్టాలనడానికి కారణం ఇదే.

చీకటి పడి కోళ్లన్నీ సర్దుమణిగాక దీపం లేకుండా గూటి దగ్గరకు వెళ్లి కాసేపు కదలకుండా నిలబడి విను. పగటి సందడిలో వినబడని గురగుర శబ్దం, తడిగా టిక్కుమనే చప్పుడు అప్పుడు స్పష్టంగా తెలుస్తాయి. రెండే అనుకున్న జబ్బు కోళ్లు ఆరో ఏడో అని కూడా తేలవచ్చు. మరునాడు వెలుతురులో ఒక్కొక్కదాని ముక్కు విప్పి నోటి లోపల, నాలుక వెనకనున్న శ్వాసనాళపు ద్వారం చుట్టూ చూడు. ముఖం దగ్గర వాసన చూడు. ఎండ వేళ రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి, నోరు తెరిచి, చప్పుడు లేకుండా వగర్చే కోడికి జబ్బు లేదు, ఉక్కపోత మాత్రమే.

ఇక ఏది ఏమిటన్నది. నేను మొట్టమొదట చూసేది జబ్బు వ్యాపించిన వేగం. కరోనా వైరస్ జాతికే చెందిన ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ అయితే 18 నుంచి 48 గంటల్లోనే బయటపడుతుంది. మంద మంద అంతా దాదాపు ఒకేసారి తుమ్ముతుంది, తరువాత గుడ్లు తగ్గి, పెంకు గరుకుగా వంకరగా వచ్చి, తెల్లసొన నీళ్లలా జారిపోతుంది. కొరైజా అనే బాక్టీరియా జబ్బు కూడా ఒకటి నుంచి మూడు రోజుల్లోనే తేలుతుంది కానీ అందులో ముఖం ఉబ్బి కన్ను మూసుకుపోతుంది, ముక్కు నుంచి కారే ద్రవం దుర్వాసన కొడుతుంది. ఒకసారి ముక్కుకు తగిలిన ఆ వాసనను మరిచిపోవడం కష్టం. నువ్వు రాసినట్లు ఒకటి రెండు కోళ్లతో మొదలై నెమ్మదిగా పాకుతూ, కంట్లో నురగ, రాత్రి గురక, కొంచెం మందకొడితనం ఉంటే నా అనుమానం మైకోప్లాస్మా అనే బాక్టీరియా మీదికి పోతుంది. దీనివల్ల వచ్చే జబ్బునే సి.ఆర్.డి., అంటే దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి, అంటారు. ఇది తల్లి నుంచి గుడ్డు ద్వారా పిల్లకు కూడా సంక్రమిస్తుంది. లోపల నిద్రాణంగా ఉండి, చలి, ప్రయాణం, ఈకలు రాల్చడం, మందలోకి కొత్త కోళ్ల రాక వంటి ఒత్తిడి కలగగానే పైకి తేలుతుంది. అయినా ఉత్తరంలోని వర్ణనను బట్టి రోగం తేల్చడం తగదు. శ్వాసనాళం నుంచి తీసిన నమూనాను క్రిమి జన్యుపదార్థాన్ని పట్టి చూపే పి.సి.ఆర్. పరీక్షకు పంపమని పశువైద్యుణ్ణి అడుగు.

కొన్ని గుర్తులు కనబడితే పరీక్ష మాట కూడా తరువాతే. ఊపిరి కష్టంతో పాటు ఆకుపచ్చ విరేచనాలు, మెడ మెలిక తిరగడం, కాళ్లూ రెక్కలూ చచ్చుబడటం ఉంటే అది కొక్కెర తెగులు. 1926లో జావాలోనూ ఇంగ్లండులోని న్యూకాజిల్‌లోనూ బయటపడిన ఈ వైరస్‌కు నేటికీ చికిత్స లేదు, టీకా మాత్రమే ఉంది. కోడి మెడ నిలువునా చాచి గాలి కోసం తపిస్తూ, దగ్గినప్పుడు రక్తపు తుంపరలు గోడ మీద పడుతుంటే, వైరస్ వల్ల గొంతుకూ శ్వాసనాళానికీ వచ్చే లారింగోట్రాకియైటిస్‌ను అనుమానించాలి. ఉన్నట్టుండి అనేక కోళ్లు చనిపోవడం, జుట్టు నీలంగా మారడం, తల వాయడం, కాళ్ల మీద ఎర్రని కమిలిన మచ్చలు కనబడితే బర్డ్ ఫ్లూ అనుకుని నడుచుకో: చచ్చిన కోడిని కోయవద్దు, వట్టి చేతులతో తాకవద్దు, కోళ్లనూ గుడ్లనూ గడప దాటించవద్దు, వెంటనే పశుసంవర్ధక శాఖకు కబురు చెయ్యి. 1997లో హాంకాంగ్‌లో ఈ వైరస్ 18 మందికి సోకితే ఆరుగురు చనిపోయారు. ఈ విషయంలో అతిజాగ్రత్త అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వు.

చప్పుడు లేకుండా నోరు తెరిచి ఊపిరి తీసే కోడిపిల్లల విషయం వేరు. బూజు పట్టిన ఊక లేక గడ్డి నుంచి లేచే ఆస్పర్జిల్లస్ బీజాలు ఊపిరితిత్తుల్లో నాటుకుంటే తుమ్ముగానీ గురకగానీ ఉండకపోవచ్చు. దానికి పెరటి స్థాయిలో పనికివచ్చే మందు లేదు, ఊక మార్చడమే. వానపాములు తిన్న కోళ్ల శ్వాసనాళంలో ఎర్రని సన్నని పురుగులు పట్టి ఊపిరాడనివ్వకపోవడమూ ఉంది. దానికి నట్టల మందు. నోట్లో పసుప్పచ్చని పొర కట్టి, తీయబోతే రక్తం వస్తే అది మశూచి కావచ్చు. దోమలు దాన్ని మోస్తాయి.

ఇప్పుడు నువ్వు అడిగిన మందు సంగతి. మైకోప్లాస్మాకు కణకవచం ఉండదు. కణకవచం మీద పనిచేసే పెన్సిలిన్ జాతి మందులు అందుకే దాని మీద పనిచేయవు. టైలోసిన్, ఆక్సీటెట్రాసైక్లిన్, డాక్సీసైక్లిన్ వంటివి పనిచేస్తాయి. మోతాదు కోళ్ల బరువును బట్టి పశువైద్యుడు చెప్పాలి. టెట్రాసైక్లిన్ జాతి మందులను కాల్షియం పట్టి ఉంచుతుంది కాబట్టి ఆ రోజుల్లో ఆలిచిప్పల పొడి, సున్నపు గుండ పక్కన పెట్టు. మందు నీళ్లు ఏ రోజుకారోజు కొత్తగా కలపాలి, పెరట్లో వేరే నీటి గుంట ఏదీ ఉండకూడదు. బాగా డీలాపడిన కోడి నీళ్లే సరిగా తాగదు; దానికి నీళ్లలో మందు నమ్ముకుంటే లాభం లేదు, విడిగా తాగించడమో సూది వేయించడమో చేయాలి. రెండో రోజుకే తుమ్ములు తగ్గాయని మానవద్దు. మందు వాడిన రోజులూ, ఆ తరువాత చీటీ మీద రాసినన్ని రోజులూ గుడ్లు ఎవరూ తినకూడదు. గుడ్లు పెట్టే కోళ్లకు అసలు వాడరాని మందులు కూడా ఉన్నాయి, కాబట్టి అడగకుండా ఏదీ కొనకు. వైరస్ జబ్బుల్లో కూడా వెనకనే ఈ-కొలి వంటి బాక్టీరియా చేరుతుంది గనుక వైద్యుడు యాంటీబయాటిక్ ఇవ్వవచ్చు. ఆ నిర్ణయం ఆయనది. గూట్లో ఏదో ఒకటి కాల్చి పొగ వేస్తే కఫం కరుగుతుందని ఎవరైనా చెబితే వినవద్దు. కోడి గాలి సంచులకు పొగను మించిన శత్రువు లేదు.

అసలు కష్టమైన ప్రశ్న నీ ఉత్తరంలో లేదు. తుమ్ములు ఆగిపోయిన కోడిని ఏమి చేయాలి? మందు మైకోప్లాస్మాను అణచగలదు గానీ తుడిచిపెట్టలేదు. కోలుకున్న కోడి జీవితాంతం వాహకంగానే ఉంటుంది. కొరైజా తగ్గిన కోళ్లలోనూ, లారింగోట్రాకియైటిస్ తగ్గిన కోళ్లలోనూ అంతే. రెండోదాని వైరస్ నరాల ముడుల్లో దాక్కుని ఏళ్ల తరువాత కూడా బయటికి రాగలదు. కనుక రెండే దారులు. ఒకటి, ఉన్న మందను మూసిన మందగా ఉంచడం: కొత్తవి రావు, ఉన్నవి పోవు, పొదిగే గుడ్లు ఎవరికీ ఇవ్వవు. రెండోది, అన్నిటినీ తీసేసి, గూడు కడిగి ఎండబెట్టి, మూడు నాలుగు వారాలు ఖాళీగా ఉంచి మళ్లీ మొదలుపెట్టడం. మైకోప్లాస్మా, కొరైజా క్రిములు కోడి ఒంటి బయట కొద్ది రోజులకు మించి బతకవు కాబట్టి ఆ వ్యవధి చాలు. గుడ్ల కోసం పెంచుకునే నీలాంటివాళ్లకు మొదటి దారే మేలని నా అభిప్రాయం. కోళ్లను పక్కవాళ్లకు పంచిపెట్టే అలవాటు మాత్రం మానుకోవాలి.

నివారణలో నేను అన్నిటికంటే ఎక్కువగా గాలికే ప్రాముఖ్యం ఇస్తాను. తడిసిన రెట్ట నుంచి పుట్టే అమోనియా, పది లక్షల భాగాల గాలిలో 20 నుంచి 25 భాగాలకు చేరితే, శ్వాసనాళంలో మలినాలను బయటికి ఊడ్చే సన్నని కేశాలు దెబ్బతింటాయి. ఆ తరువాత ఏ క్రిమికైనా తలుపు తీసినట్టే. మన ముక్కుకు ఘాటు తగిలేదీ సుమారుగా ఆ స్థాయిలోనే, పైగా రోజూ వెళ్లేవాళ్లకు ఆ వాసన అలవాటైపోతుంది. అందుకని తెల్లవారి గూడు తెరవగానే మోకాళ్ల మీద కూర్చుని, కోడి తల ఎత్తులో ఒకసారి గాలి పీల్చి చూడు. కళ్లు చెమర్చితే ఆలస్యమైనట్టే. ఊకను గుప్పిట్లో గట్టిగా పిండి వదులు: ముద్దగా నిలిచిపోతే తడి ఎక్కువ, విడివిడిగా రాలితే చాలు. చలికాలంలో జాలి కలిగి గూటి సందులన్నీ మూసేస్తారు. కోళ్ల ఊపిరిలోని తేమ లోపలే మిగిలి జబ్బులకు అదే కారణమవుతుంది. గాలి సందులు కోళ్ల తలలకు పైన ఉండాలి, తెరిచే ఉండాలి. పడుకున్న కోళ్ల మీదికి నేరుగా గాలి కొట్టకుండా ఉంటే సరిపోతుంది. దాణా, నీళ్లు పిచ్చుకలకూ అడవి పక్షులకూ అందకుండా పైకప్పు కింద పెట్టు.

కొక్కెర తెగులు టీకా మాత్రం తప్పనిసరి. లసోటా వంటి సజీవ టీకాను 2 నుంచి 8 డిగ్రీల చలువలో ఉంచి, కలిపిన రెండు గంటల్లో వాడేయాలి. నీళ్లలో ఇచ్చేటట్లయితే క్లోరిన్ టీకాను చంపుతుంది కాబట్టి లీటరుకు 2.5 గ్రాముల వెన్నతీసిన పాలపొడి ముందుగా కలుపుతారు; కొద్ది కోళ్లకైతే కంట్లో చుక్క వేయడమే నమ్మకం. ఆ చుక్క నీ కంట్లో పడితే కన్ను ఎర్రబడుతుంది, జాగ్రత్త. టీకా తరువాత మూడు నాలుగు రోజులు కొద్దిగా తుమ్మితే కంగారుపడకు. ఇప్పుడు జబ్బుగా ఉన్న మందకు మాత్రం వేయించకు, పూర్తిగా కోలుకున్నాకనే.

వచ్చే నెల నాలుగు కొత్త పెట్టలు తెస్తానని రాశావు. పరీక్షలో మైకోప్లాస్మా ఉందని తేలితే ఆ ఆలోచన విరమించుకో. లేదని తేలితే, కొత్తవాటిని పాత గూటికి వీలైనంత దూరంగా 30 రోజులు ఉంచు. చివరి రెండు వారాలు నీ పాత కోడి ఒకదాన్ని వాటితో కలిపి పెట్టు. అది ఆరోగ్యంగా ఉంటేనే మిగతావాటిని కలపాలి. ఈలోగా ఏ కోడైనా చనిపోతే పాతిపెట్టకుండా, ప్లాస్టిక్ సంచిలో చుట్టి మంచుగడ్డల మీద పెట్టి పశువైద్యుడికి అప్పగించు. ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తే లోపలి కణజాలం చెడి పరీక్షకు పనికిరాదు. బర్డ్ ఫ్లూ గుర్తులుంటే మాత్రం ముట్టుకోకుండా శాఖవారు వచ్చేదాకా ఆగు. ఫలితం రాగానే ఆ కాగితంలో ఉన్నది ఉన్నట్టు నాకు రాసి పంపు.

ఇట్లు,
మీ నాన్న