నడుము కొలతకు అందని జబ్బు: ఆరోగ్యశాఖ మంత్రి గారికి ఉద్దానం నుంచి ఒక లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, కవిటి మండలంలోని ఒక కొబ్బరి రైతు కొడుకు నమస్కరించి రాస్తున్న లేఖ. మా ప్రాంతాన్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బును సన్నటివారిలో పరీక్షలు ముందే పట్టుకోవడం లేదని సోమవారం అర్జీల రోజున మూడుసార్లు కాగితం ఇచ్చాను. మూడుసార్లూ రసీదు ఇచ్చారు. మూడో రసీదు చేతికి వచ్చేనాటికి మా తమ్ముడు డయాలసిస్ మంచం మీద ఉన్నాడు.

పలాసలో 200 పడకల ఆసుపత్రి కట్టారు. హిరమండలం జలాశయం నీళ్లు మా మండలాలకు తెచ్చారు. పింఛను ఇస్తున్నారు. వేటినీ కాదనను. ఇవన్నీ జబ్బు ముదిరినవారికి ఆసరా. ముదరకముందు పట్టుకోవలసిన చోట మాత్రం బక్కపలచని మనిషిని పరీక్షలు వదిలేస్తున్నాయి. నా బాధంతా అదే.

మా తమ్ముడు ఐదడుగుల ఆరంగుళాల మనిషి. బరువు 48 కిలోలు. పొద్దున్నుంచి కొబ్బరి దింపు, మధ్యాహ్నం ఎండలో జీడితోట పని. ఎవరికి జబ్బు ముప్పు ఎంతుందో మార్కులు వేసే ఇంటింటి సర్వేలో అతని ఫారం నింపారు. నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్ల లోపు, కాబట్టి సున్నా. ఒంటికి శ్రమ ఉంది, సున్నా. ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు, గుండె జబ్బు ఉందా అని అడిగారు. లేవు, సున్నా. మా నాన్న కిడ్నీ జబ్బుతోనే పోయాడండీ. ఆ మాట రాయడానికి ఫారంలో గడి లేదు. నాలుగు మార్కులు దాటినవారికి పరీక్షలకు ముందు పిలుపు వస్తుంది. మా వాడు ఆ దరిదాపుల్లోకి కూడా పోలేదు. ఫారం నింపిన ఆశా కార్యకర్తను నేను తప్పుపట్టను, ఆమె ఉన్న ప్రశ్నలే అడిగింది.

2021లో నేనే పట్టుబట్టి రక్తపరీక్ష చేయించాను. కిడ్నీ చెడితే రక్తంలో పెరిగే వ్యర్థం, క్రియాటినిన్ 1.3. కిడ్నీ దెబ్బతింటే మూత్రంలో పోయే ప్రొటీను, ఆల్బుమిన్ లేదు. ఫరవాలేదని పంపేశారు. క్రియాటినిన్ కండ నుంచి పుడుతుందని, కండ తక్కువైన మనిషిలో అది తక్కువే పుడుతుందని, కిడ్నీ సగం చెడినా అంకె మంచిగానే కనబడవచ్చని నాకు ఆ తర్వాత తెలిసింది. మా ప్రాంతపు జబ్బు ఎక్కువగా కిడ్నీలోని సన్నని గొట్టాలను దెబ్బతీస్తుంది కాబట్టి తొలిరోజుల్లో ఆల్బుమిన్ పెద్దగా పోదని కూడా తర్వాతే తెలిసింది. రైతుకు ఇవి తెలియకపోవచ్చు. పరీక్షల పద్ధతి రాసినవారికి తెలియాలి కదా! ఆ 'ఫరవాలేదు' అన్న మాట నమ్మి మా వాడు ఒళ్లు నొప్పులకు బిళ్లలు వేసుకుంటూ నాలుగేళ్లు చెట్లెక్కాడు. 2025లో క్రియాటినిన్ 7.8.

లావుగా ఉన్నవారికి ముప్పు లేదని నేను అనడం లేదు. బరువు పెరిగితే కిడ్నీల మీద వడపోత భారం పెరుగుతుంది, షుగరు, బీపీ వెంట వస్తాయి. విశాఖలో ఉండే మా అక్క బరువు 84 కిలోలు. షుగరుకు చూపించుకుంటుంటే మూత్రంలో ఆల్బుమిన్ పోతోందని తేలింది, మందులతో నిలబడింది. సంతోషం. ఒకే తల్లి బిడ్డలు, ఒకరిని బరువే పరీక్షకు తీసుకెళ్లింది, ఇంకొకరిని బరువే వెనక్కి పంపింది. సన్నటివాడికి వేరే ముప్పులు ఉంటాయి: ఎండ, నీళ్లు తాగకుండా చేసే పని, నొప్పి మాత్రలు, పొగాకు, తక్కువ బరువుతో పుట్టడం. చిన్నగా పుట్టిన బిడ్డకు కిడ్నీలో వడపోసే నెఫ్రాన్లే తక్కువగా ఉంటాయట. మా తమ్ముడు పిడికెడంత పుట్టాడని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

అయ్యా, ఆ ఫారంలో కిడ్నీ జబ్బుకు ఒక గడి పెట్టించండి. పుట్టినప్పటి బరువు, చేసే పని, వాడే మాత్రలు అడిగించండి. కండ లేని మనిషికి క్రియాటినిన్ ఒక్కటే చూసి పంపేయకుండా, కండతో పెద్దగా సంబంధం లేని సిస్టాటిన్-సి అనే రక్తపరీక్ష చేయించండి. ఖర్చు ఎక్కువంటారు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు అవుతున్న ఖర్చు మీకు నాకంటే బాగా తెలుసు. దయచేసి ఆ గడి పెట్టించండి.

మా తమ్ముడి కొడుకుకు ఇప్పుడు పన్నెండేళ్లు. పుట్టినప్పుడు 2 కిలోల 100 గ్రాములు. సెలవుల్లో జీడిపిక్కలు ఏరడానికి వెళుతున్నాడు. మీ సర్వే పెద్దయినవారికే. వాణ్ని అంతదాకా ఆగమనకండి.

ఇట్లు,
ఉద్దానం రైతు ఒకరు