ఫొటో సరే, డిమాండ్ ఏదీ?

ధర్నా చేసేవాళ్లు ఏదో ఒక వింత చేస్తే తప్ప కెమెరాలు అటు తిరగడం లేదు. 2017లో జంతర్‌మంతర్ దగ్గర తమిళనాడు రైతులు పుర్రెలు పెట్టుకుని, నోట ఎలుకలు కరచుకుని కూర్చుంటే దేశమంతా చూసింది. వాళ్లడిగిన కరవు సాయం, రుణమాఫీ ఎంతమందికి గుర్తున్నాయి? మన దగ్గరా అదే వరస. 2023 డిసెంబరు 12 నుంచి ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేశారు. మా ఊరి శిబిరానికి రెండుసార్లు వెళ్లాను. ఊరికే కూర్చున్న రోజు విలేకరి ఒక్కరూ రాలేదు. మోకాళ్ల మీద నిలబడ్డ రోజు మాత్రం మూడు కెమెరాలు దిగాయి. షాట్ సరిగా రాలేదని రెండోసారి కూడా నిలబెట్టారు, పాపం అందులో యాభై దాటినవాళ్లే ఎక్కువ. మర్నాడు ఫొటో పెద్దగానే పడింది. వాళ్లు గ్రాట్యుటీకి అర్హులేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి మాత్రం నాకెక్కడా కనపడలేదు. ఇకనైనా జిల్లా పేజీలో నిరసన ఫొటో వేసినప్పుడల్లా ఏం అడుగుతున్నారు, ఎన్నాళ్లుగా అడుగుతున్నారు, అధికారుల జవాబేమిటి అని కింద నాలుగు లైన్లు వేయండి. సంఘాలు కూడా ప్లకార్డులతో పాటు లెక్కలు రాసిన ఒక కాగితం విలేకరి చేతిలో పెడితే ఆ నాలుగు లైన్లు రాయడం పెద్ద పనేం కాదు.