సికిల్ సెల్ సంగతి తెలుగులో కూడా చెప్పించండి

సంపాదకులు గారికి,

సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తపు జబ్బు; సికిల్ అంటే కొడవలి) మీద మీరు వేసిన వ్యాసం చదివాను, బాగానే ఉంది. కానీ 1910లో షికాగో డాక్టర్ జేమ్స్ హెరిక్ కనిపెట్టాడని ఒక్క ముక్కలో తేల్చేశారు. నిజానికి 1904 చివర్లో వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అనే కుర్రాడు, గ్రెనడా దీవి నుంచి షికాగోకు పళ్ల డాక్టరు చదువుకు వచ్చినవాడు, జబ్బుపడి ఆసుపత్రిలో చేరితే అతని రక్తాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది హెరిక్ దగ్గర పనిచేసే ఇంటర్న్ ఎర్నెస్ట్ ఐరన్స్. గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాలు కొన్ని కొడవళ్లలా వంగి కనిపించాయి. ఆరేళ్లకు అచ్చయిన వ్యాసం మాత్రం హెరిక్ ఒక్కడి పేరు మీదే వచ్చింది (జూనియర్ల గతి ఎక్కడైనా ఇంతే!). నోయెల్ పేరు అందులో లేనే లేదు. పాపం, అతను డెంటిస్టయి సొంత దీవికి వెళ్లి 1916లో 32 ఏళ్లకే పోయాడు.

మహారాష్ట్రలో ఉన్న మా సిరొంచ వైపు ఇప్పటికీ రక్తాన్ని అలా చూసేవాళ్లు తక్కువ. మా చెల్లెలి కొడుక్కి చేతివేళ్లు వాచి, రాత్రంతా ఒళ్లునొప్పులతో ఏడుస్తుంటే ఒక ఆసుపత్రిలో రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలిచ్చి పంపారు. ఇది ఐరన్ మాత్రలతో పోయే జబ్బు కాదు. లోపం ఎర్రకణాల్లో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లోనే ఉందని 1949లో అమెరికా శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ బృందం తేల్చింది. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ లోపం వస్తేనే ఈ జబ్బు అని జన్యుశాస్త్రవేత్త జేమ్స్ నీల్ చెప్పింది కూడా ఆ ఏడాదే. ఒక్కరి నుంచే వస్తే క్యారియర్, అంటే జబ్బు లేకుండా లోపాన్ని మోసే మనిషి; రిపోర్టులో ఏఎస్ అని రాస్తారు. ఇద్దరి నుంచీ వస్తే ఎస్ఎస్, అదే అసలు జబ్బు. భార్యాభర్తలిద్దరూ ఏఎస్ అయితే ప్రతి కాన్పులోనూ బిడ్డ ఎస్ఎస్ అయ్యే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాలు ఇంకా జరుగుతున్న మా దగ్గర ఇది పెళ్లికి ముందే తెలియాలా వద్దా?

2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టింది, సంతోషం. కానీ మాకిచ్చిన రక్తపరీక్ష రిపోర్టు మరాఠీలో ఉంది. మా ఇళ్లలో పెద్దవాళ్లకు మరాఠీ చదవడం రాదు. ఏఎస్ అని కనబడితే చాలు, పిల్లకు రోగమని సంబంధాలు తప్పించేస్తున్నారు. ఆ రిపోర్టులో రెండు ముక్కలు తెలుగులో కూడా రాయించమని గడ్చిరోలి అధికారులను మీ పేపర్ తరఫున అడగండి.

ఒక పాఠకుడు,
సిరొంచ, గడ్చిరోలి జిల్లా