సంక్రాంతి పెట్టెలు ఆలస్యమైన కారణం

మా కొట్టు ఖాతాదారులందరికీ నమస్కారం.

పండుగకు ముందే సొమ్ము కట్టిన మీలో చాలామందికి కనుమ వెళ్ళాక గాని పూతరేకులు అందలేదు. మా బ్యాంకు ఖాతాను కోర్టు జప్తు చేసిందన్న మాట ఆత్రేయపురం దాటి రావులపాలెం దాకా పాకింది. అది నిజమే కాబట్టి, జరిగినదంతా నేనే మీకు చెప్పుకోవడం న్యాయం.

రెండేళ్ళ క్రితం మాకు బెల్లం పొడి ఇచ్చే వర్తకుడు పంపిన బస్తాల్లో చెమ్మ ఉంది. జావలో ముంచిన గుడ్డను బోర్లించిన వేడి కుండ మీద లాగి తీసే ఆ పల్చటి పొర చెమ్మకు నిలవదు. ఉదయం చుట్టిన రేకులు సాయంత్రానికి మెత్తబడి, పెట్టె అడుగున పాకం ఊరి వేళ్ళకు అంటుకుంది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఊరి పేరు పెట్టుకుని అటువంటి సరుకు అమ్మడానికి నాకు మనసొప్పలేదు. బస్తాలు వెనక్కి తీసుకెళ్ళమన్నాను, ఆయన రాలేదు. డబ్బు ఇవ్వనన్నాను, ఆయన దావా వేశారు.

సమన్లు వచ్చిన రోజు కొట్లో నేను లేను. పెట్టెలు కట్టే కుర్రాడు సంతకం చేసి తీసుకుని, గల్లాపెట్టె కింది కాగితాల్లో పెట్టి మరిచిపోయాడు. నేను హాజరు కాకపోవడంతో కోర్టు ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే నా వాదన వినకుండానే తీర్పు ఇచ్చి, వాది ఖర్చులు కూడా నా మీదే వేసింది. ఖాతా జప్తు అయ్యాక గాని నాకు ఆ సంగతి తెలియలేదు. నౌకరు కుటుంబ సభ్యుడి లెక్కలోకి రాడని సివిల్ ప్రొసీజర్ కోడ్ 5వ ఆర్డర్ 15వ రూల్ వివరణలోనే ఉంది. కాబట్టి ఇంట్లోవాళ్ళకు ఇచ్చినట్టుగా కుర్రాడి చేతికిచ్చిన సమన్లు నాకు అందినట్టు లెక్క కాదు. సమన్లు సరిగా అందనప్పుడు, అటువంటి డిక్రీని రద్దు చేయమని అడగడానికి ఉన్న 30 రోజుల గడువు డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి మొదలవుతుంది. మా ప్లీడరు గారు డిక్రీ రద్దు కోసం 9వ ఆర్డర్ 13వ రూల్ కింద వేసిన పిటిషన్‌ను కోర్టు అనుమతించింది. అయితే వాదికి ఖర్చుల కింద 2,000 రూపాయలు గడువులోగా చెల్లిస్తేనే డిక్రీ, దానితో పాటు పాత ఖర్చులు రద్దవుతాయని, లేకుంటే పిటిషన్ కొట్టివేసినట్లేనని షరతు పెట్టింది.

ఆ 2,000 చెల్లించడానికి నాకు 12 రోజులు పట్టింది. సమన్లు నాకు అందలేదని కోర్టే ఒప్పుకున్నాక, చెమ్మ బెల్లం పంపిన మనిషి చేతిలో నేనెందుకు డబ్బు పెట్టాలన్న రోషం నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ షరతును మళ్ళీ పరిశీలించమని హైకోర్టులో రివిజన్ వేద్దామన్నాను. వేయవచ్చు గాని, ఇటువంటి ఖర్చుల విషయంలో కింది కోర్టు విచక్షణను పైకోర్టు మామూలుగా కదిలించదని, స్టే రాకపోతే గడువు ఆగదని, 148వ సెక్షన్ కింద గడువు పెంచమని అడిగినా అందుకూ 30 రోజుల పరిమితి రాసి ఉందని ప్లీడరు గారు చెప్పారు. ఇది తప్పుకు వేసిన జరిమానా కాదని, అవతలి పక్షం తిరిగిన వాయిదాలకు పరిహారమని కూడా అన్నారు. అర్థమైనా నా మనసు మెత్తబడలేదు. చివరికి గడువుకు రెండు రోజుల ముందు, రేకులు తీసే ఆడవాళ్ళకు వారం కూలి ఇవ్వలేక వాళ్ళ ఎదుట తలదించుకున్న రోజున, వెళ్ళి డబ్బు కట్టి రసీదుతో మెమో దాఖలు చేయించాను. అప్పటికే కోర్టుకు సంక్రాంతి సెలవులు వచ్చేశాయి; జప్తు తొలగేసరికి పండుగ దాటింది. వెంటనే కట్టి ఉంటే మీ పెట్టెలు భోగికే చేరేవి. ఆ తప్పు పూర్తిగా నాది.

సొమ్ము వెనక్కి కావాలన్నవారికి ఈ వారంలోనే పంపుతాను. ఇకమీదట కొట్టుకు వచ్చే ప్రతి కాగితాన్నీ నేనే తీసుకుంటాను. ప్రతి బస్తాలోని బెల్లాన్నీ గుప్పిట నొక్కి చూశాకే దింపిస్తాను. దావా మళ్ళీ మొదలైంది. రాజీకి రమ్మని కబురు వచ్చింది, నేను వెళ్ళలేదు. ఓడినవారే గెలిచినవారి ఖర్చులు భరించాలన్న 35వ సెక్షన్ సాధారణ నియమం నాకు తెలుసు. అందుకు సిద్ధపడే వచ్చే వాయిదాకు ఆ బస్తాల ఫొటోలు, మీలో కొందరు అప్పట్లో తిప్పి పంపిన పెట్టెల రసీదులు పట్టుకుని వెళ్తున్నాను.