తలా 5 నిమిషాలు

సంపాదకుడు గారికి,

విద్యార్థులు ఏఐ చేత అసైన్‌మెంట్లు రాయించుకుంటున్నారనీ, కాలేజీలు వెంటనే దాన్ని పట్టుకునే సాఫ్ట్‌వేర్ కొనాలనీ మీ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. నేను 22 ఏళ్లుగా డిగ్రీలో అర్థశాస్త్రం చెబుతున్నాను. ఆ సాఫ్ట్‌వేర్ మాట నమ్మి ఒకసారి తప్పు చేశాను కాబట్టి ఈ ఉత్తరం.

నిరుడు ఒక అబ్బాయి రాసిన ఇంగ్లీషు వ్యాసం 87 శాతం యంత్రం రాసిందేనని అది చూపించింది. పిలిచి నిలదీశాను. ఏమీ మాట్లాడకుండా బ్యాగులోంచి నోట్‌బుక్ తీసి నా ముందు పెట్టాడు. కొట్టివేతలు, బాణం గుర్తులు, మార్జిన్‌లో మూడుసార్లు వేసి చూసుకున్న లెక్క. అంతా అతని చేతిరాతే. తప్పులు దొర్లకూడదని చిన్న చిన్న వాక్యాలు, తెలిసిన మాటలే వాడి రాశాడు. బహుశా ఆ జాగ్రత్తే కొంప ముంచింది. క్షమించమని అడిగాను గానీ, ఆ తర్వాత అతను నా క్లాసులో చెయ్యెత్తలేదు.

ఇది నా ఒక్కదాని అనుభవమే అనుకోవద్దు. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ 2023 జనవరిలో ఇలాంటి సాధనమే విడుదల చేసి, సరిగా పట్టుకోలేకపోతోందని జూలైలో తీసేసింది. ఆ సంస్థ సొంత పరీక్షల్లోనే యంత్రం రాతల్లో 26 శాతమే దొరికాయి, మనుషులు రాసిన వాటిలో 9 శాతాన్ని యంత్రానికి అంటగట్టింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 7 సాఫ్ట్‌వేర్లకు టోఫెల్ (విదేశాల్లో చదవాలనుకునేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష) వ్యాసాలిచ్చి చూస్తే, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు సొంతంగా రాసినవాటిలో సగటున సగానికి పైగా ఏఐ రాసినవేనని అవి తప్పుగా తేల్చాయి.

ఏఐ అంటే నాకు పడదని కాదు. ప్రశ్నల చిత్తుప్రతికి నేనూ వాడతాను, గంట పని కలిసొస్తుంది. ఒకసారి మాత్రం డిమాండు వ్యాకోచత్వం ఒకటి కంటే ఎక్కువ ఉన్నప్పుడు, అంటే ధర మారిన శాతం కంటే కొనుగోళ్లు ఎక్కువ శాతం మారేటప్పుడు, ధర పెంచితే మొత్తం రాబడి పెరుగుతుందని తడుముకోకుండా చెప్పింది. తగ్గుతుంది కదా! దిద్దకుండా అలాగే బోర్డు మీద రాసి, తప్పెక్కడో చెప్పమన్నాను. ఆ పూట జరిగినంత చర్చ ఆ పాఠం మీద ఎప్పుడూ జరగలేదు.

ఇప్పుడు అసైన్‌మెంట్ తీసుకున్నాక ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ‘ఈ పేరా నీ మాటల్లో చెప్పు’ అంటున్నాను. రాయించుకొచ్చినవాళ్లు రెండో ప్రశ్నకే నేల చూపులు చూస్తారు. ఒకమ్మాయి మాత్రం ఏఐ వాడానని ముందే ఒప్పుకుని, అది చెప్పినదాంట్లో తనకు నచ్చని విషయం మీద నాతో పది నిమిషాలు వాదించింది. పూర్తి మార్కులు వేశాను.

క్లాసుకు 60 మంది. తలా 5 నిమిషాలంటే 5 గంటలు. టైమ్‌టేబుల్‌లో దానికి చోటు లేదు, సాయంత్రాలు ఉండిపోతున్నాను. దీన్ని పనిభారంలో లెక్కించండని మా కాలేజీ కమిటీని అడిగితే నిబంధనలు ఒప్పుకోవన్నారు. సాఫ్ట్‌వేర్ చందా ఇంకో ఏడాదికి మంజూరు చేసింది కూడా ఆ సమావేశంలోనే.

ఇట్లు,
ఒక డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు