తల్లి మొక్కను చూడకుండా మొక్క కొనకండి

సంపాదకులకు నమస్కారం,

మీ ఆదివారం సంచికలో ఊళ్లకు దూరంగా ఉండే ప్రత్యేక నర్సరీలు, తోటల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు చాలా బాగున్నాయి, కాదనను. కానీ వ్యాసంలో సగం ఎక్కడ నిలబడితే సెల్ఫీ బాగా వస్తుందనే దానికే సరిపోయింది. ఒకే జాతి మొక్క మీద ఇరవై ముప్ఫై ఏళ్లు పెట్టిన మనిషి దగ్గరికి అంత దూరం వెళ్లి, ఆయన పెంచినదాని ముందు నిలబడి మన మొహం ఫొటో తీసుకుని రావడమేమిటి? ఈ ఉత్తరం మరీ పొడుగైతే కత్తిరించుకోండి, మొక్కలవాళ్లం, కత్తిరింపులకు బాధపడం.

చెప్పదలచుకున్నది ఒక్కటే. అలాంటి చోటికి వెళ్తే ముందు కవర్లలో ఉన్న మొక్కల వైపు వెళ్లకండి, తల్లి మొక్క ఎక్కడుందో అడగండి. అంటు కొమ్మలు, కటింగులు దేని నుంచి తీస్తున్నారో ఆ చెట్టు నేలలో నిలబడి ఉంటుంది కదా, దాన్ని చూపించమనండి. ఎంత ఎత్తు పెరిగింది, ఎంత మేర పరుచుకుంది, ఎండ ఎంతసేపు పడుతోంది, కింది ఆకులు ఎలా ఉన్నాయి అనేవి లేబుల్ మీద రాయరు, రాసినా మనం నమ్మం. మంచి నర్సరీవాళ్లు ఈ ప్రశ్న అడిగితే సంతోషిస్తారు, పని పక్కన పెట్టి మరీ తీసుకెళ్తారు. మాట దాటేశారంటే ఆ మొక్కలు ఎక్కడి నుంచో లోడు దిగాయని అర్థం. అలా అమ్మడం తప్పేమీ కాదు, కాకపోతే దాని కోసం మనం అంత దూరం రానక్కర్లేదు.

ఇది నాకు పుట్టుకతో వచ్చిన తెలివేం కాదు. కొన్నేళ్ల కిందట ఒక గులాబీల నర్సరీకి వెళ్లి, తల్లి మొక్క గిల్లి మొక్క ఏమీ అడక్కుండా, రాగి రంగు పువ్వు ఒకటి విచ్చి ఉందని దాన్నే ఎంచుకుని తెచ్చాను. మొదటి ఏడు బాగానే పూసింది. రెండో ఏడు మొక్క మొదలు దగ్గర్నుంచి ఒక కొమ్మ తాడిచెట్టంత ఆశతో లేచింది, నాకు సంబరమే సంబరం, దానికే ఎరువు, దానికే ఊతకర్ర. చివరికి పూసింది చూడండి, రూపాయి బిళ్లంత తెల్లటి పూలు, గుత్తులు గుత్తులుగా, ఒక్కో పువ్వుకు ఐదే రేకులు! మేలురకాన్ని ఏ అడవి గులాబీ వేరు మీద అంటు కట్టారో, ఆ వేరు నుంచి వచ్చిన పిలకను నేను ఏడాదంతా మేపాను, పైనున్న మేలురకం ఆకలితో ఎండిపోయింది. తర్వాత ఒక పెద్దాయన చెప్పారు, మల్టీఫ్లోరా అనే ఆ అడవి గులాబీకి ఆకు కాడ మొదట్లో చిన్న రెక్కల్లాంటివి ఉంటాయి, వాటి అంచు దువ్వెన పళ్లలా చీలి ఉంటుంది, అది కనిపించినప్పుడే పిలకను మొదలంటా లాగేయాలి, కత్తిరిస్తే మళ్లీ వస్తుంది అని. ఈ ముక్క నాకు అమ్మినవాళ్లు చెప్పలేదు. అయితే నేనూ అడగలేదు, అంటు ఎక్కడ కట్టారో వంగి చూడనూ లేదు.

అందుకే నర్సరీ పక్కన వాళ్లదే తోట ఉంటే నాకు ప్రాణం లేచివస్తుంది. ఇంగ్లండ్‌లో బెత్ చాటో అనే ఆవిడ ఎసెక్స్‌లోని తన నర్సరీ దగ్గర, అంతకుముందు కార్లు నిలిపే గులకరాళ్ల స్థలంలో, 1990ల మొదట్లో ఒక తోట వేసింది. అక్కడ వర్షం తక్కువ. నాటిన తర్వాత ఎంత ఎండ కాసినా పైపుతో నీళ్లు పెట్టకూడదని నియమం పెట్టుకుంది, బతికినవి బతికాయి, పోయినవి పోయాయి. నీళ్లు లేని చోటికి ఏ మొక్క కావాలో తెలియనివాళ్లు ఆ తోటలో ఒకసారి నడిస్తే చాలు, ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. పది పుస్తకాలు చదివినా ఇంత రాదు.

ఇంకో సంగతి మీ వ్యాసంలో అసలు రాలేదు. ఇలాంటి చోట్లు కొన్నిసార్లు ఒక జాతినే నిలబెడతాయి. ఫ్రాంక్లీనియా అని తెల్లటి పూలు పూసే చిన్న చెట్టు ఉంది. 1765లో జాన్ బార్ట్రమ్, ఆయన కొడుకు విలియమ్ దాన్ని అమెరికాలో జార్జియా ప్రాంతంలో, ఆల్టమహా నది దగ్గర చూశారు. తర్వాత కొడుకు మళ్లీ వెళ్లి విత్తనాలు తెచ్చాడు, ఫిలడెల్ఫియాలోని వాళ్ల తోటలో పెంచారు. మొక్కలు, విత్తనాలు అమ్ముకునే కుటుంబమే అది. 1803 తర్వాత అడవిలో ఆ చెట్టు మళ్లీ ఎవరికీ కనబడలేదు, ఇవాళ ఉన్నవన్నీ ఆ తోట సంతానమే అంటారు. అంటే ఆ తండ్రీకొడుకులకు మొక్కల పిచ్చి లేకపోతే ఆ చెట్టు పేరు కూడా మనకు తెలిసేది కాదు.

మనవాళ్ల ప్రవర్తన గురించి కూడా రాయాలి, తప్పదు. ‘ఒక్క రెమ్మే కదా’ అని తుంచేవాళ్లను నా కళ్లతో చూశాను. ఆర్కిడ్ల దగ్గర ఒకాయన కాయ కోసి, విప్పి, లోపల దుమ్ముందని పిల్లాడికి చూపించాడు. ఆ దుమ్మే విత్తనాలు. వాటిలో తిండి నిల్వ ఉండదు, సహజంగా అయితే ఒక రకం బూజు తోడుంటే తప్ప మొలకెత్తవు. 1922లో లూయిస్ నడ్‌సన్ అనే శాస్త్రవేత్త చక్కెర కలిపిన జెల్లీ మీద బూజు సాయం లేకుండానే వాటిని మొలిపించవచ్చని చూపించాకే వాటి పెంపకం సులువైంది. సులువంటే, ఇప్పటికీ విత్తనం నుంచి పువ్వు దాకా ఏళ్లు పడుతుంది. ఆ కాయ మీద చిన్న దారంతో చీటీ కట్టి ఉంది, ఏ పువ్వుకు ఏ పువ్వు పుప్పొడి అద్దారో, ఏ తేదీనో రాసి. నర్సరీ ఆవిడ ఆ చీటీని చేతిలోకి తీసుకుని ఒక్క మాట కూడా అనలేదు, తిట్టినా బాగుండేది.

వెళ్లేముందు ఫోన్ చేయండి, చాలాచోట్ల మొత్తం పని ఒకరో ఇద్దరో చేసుకుంటారు, మనం చెప్పకుండా దిగితే అంటు కడుతున్న కత్తి పక్కన పెట్టి రావాలి. పూలు విరగబూసిన పెద్ద మొక్క కంటే పచ్చగా ఉన్న చిన్నది తీసుకోండి. కవరు ఊడదీసి వేళ్లు చూపించమంటే సిగ్గుపడాల్సిన పని లేదు, చుట్టూ తాడు చుట్టినట్టు వేళ్లు తిరిగిపోయి ఉంటే ఎంత పెద్ద మొక్కయినా వద్దనండి. విస్టీరియా లాంటి తీగ అయితే విత్తనం మొక్కా అంటు మొక్కా అని అడిగి తీరాలి, విత్తనానిదైతే పూతకు పదేళ్లు దాటినా ఆశ్చర్యం లేదు. షేడ్‌నెట్ కింద పెరిగినదాన్ని తెచ్చిన రోజే ఎండలో పెడితే ఆకులు మాడతాయి, ఇది అందరికీ తెలుసు, అయినా అందరం చేస్తాం. కొత్త మొక్కను రెండు మూడు వారాలు పాతవాటికి దూరంగా ఉంచండి, పిండినల్లి ఆకు కింద కూర్చుని మనతోపాటే కారెక్కి వస్తుంది.

నర్సరీవాళ్లకూ ఒక మాట. ‘హైబ్రిడ్ రెడ్’ అని రాస్తే ఏం తెలుస్తుందండీ? సాగు రకాల పేర్లు ఎలా పెట్టాలో 1953 నుంచే అంతర్జాతీయ నియమావళి ఉంది. శాస్త్రీయ నామం, పక్కన రకం పేరు, చెరిగిపోని పెన్సిల్‌తో రాసి గుచ్చండి చాలు.

సంపాదకులుగా మీరు చేయగలిగిందేమిటంటే, ఈసారి ఇలాంటి వ్యాసం వేసినప్పుడు ఏ నెలలో ఏం పూస్తుందో, తల్లి మొక్కలను సందర్శకులకు చూపిస్తారో లేదో, ముందు చెప్పి వెళ్లాలో లేదో కూడా రాయించండి. సెల్ఫీ స్థలాలు జనం ఎలాగూ వెతుక్కుంటారు.

అన్నట్టు ఆ గులాబీని నేను పీకేయలేదు. వేరు మొండిది కదా అని, ఆ పెద్దాయన దగ్గర నేర్చుకుని దాని మీదే మేలురకం కన్ను, అంటే చిగురు మొగ్గ, తెచ్చి అంటు కట్టాను. మొదటి రెండు కళ్లు నల్లబడి రాలిపోయాయి. మూడోది కట్టి పద్దెనిమిది రోజులైంది, ఇంకా పచ్చగానే ఉంది.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు